200 కిలోమీటర్ల సైకిల్ రైడుకి ఏం మోసుకెళ్ళాలి, ఏం ఇంట్లో వదిలేయాలి?

కొత్తచక్రం:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ పొద్దున్నే బయల్దేరి ఎండెక్కేలోపు తిరిగొచ్చేసే 60, 70 కిలోమీటర్ల రైడ్లే నావి. సీటు కింద చిన్న బ్యాగు, అందులో ఒక ట్యూబు, జేబులో ఫోను, అంతే. ఇప్పుడు మొదటిసారి 200 బ్రెవేకి (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడు, పందెం కాదు) పేరిచ్చాను. 13 గంటల 30 నిమిషాల టైము. తోడెవరూ లేరు, ఒక్కణ్ణే. కంట్రోల్ పాయింట్ల (దారిలో మనం వచ్చినట్టు నమోదు చేసే చోట్లు) దగ్గర తప్ప దారిలో వెంట వచ్చే బండి సాయం తీసుకోకూడదన్న రూలు చదివాక కాస్త గుబులు పట్టుకుంది.

బండి డిస్క్ బ్రేకుల రోడ్ బైకు. 11 స్పీడు (వెనక 11 పళ్ళచక్రాలు), 28 ఎంఎం టైర్లు, లోపల మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబులు, 50 ఎంఎం లోతు రిమ్ములు.

నిన్న రాత్రి సర్దడం మొదలెట్టాను. నాలుగు ట్యూబులు, మడతపెట్టే టైరు ఒకటి, పంక్చర్ కిట్టు, పెద్ద మల్టీటూలు, విడిగా చెయిన్ కట్టరు, కటింగ్ ప్లేయరు, స్క్రూ స్పానరు, చెయిన్ ఆయిల్ సీసా, తాళం, తువ్వాలు, ఒక జత బట్టలు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా. అన్నీ వీపు బ్యాగులో పెట్టి తూస్తే ఐదు కిలోల పైనే తేలింది. అది తగిలించుకుని పన్నెండు గంటలు వంగి తొక్కడం అయ్యే పని కాదని తెలుస్తూనే ఉంది. కానీ ఏది తీసేద్దామన్నా, తీరా దారిలో అదే అవసరం పడితే ఎలా అని చెయ్యి ఆగిపోతోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

వెనకబండి:

కొత్తచక్రం గారూ, ముందు ఆ వీపు బ్యాగు దించండి. వంద దాటాక మెడ, భుజాలు, కూర్చునే చోటు, మూడూ ఒకేసారి గొడవ మొదలెడతాయి. బరువేదో బండినే మోయనివ్వండి.

నేనిప్పుడు తొక్కడం తక్కువ. బ్రెవేల్లో అందరికంటే ఆఖరున వచ్చే వ్యానులో ఉంటాను. ఇక చాలని రైడు వదిలేసినవాళ్ళనీ, బండి మొరాయించినవాళ్ళనీ ఎక్కించుకురావడం నా పని, అందుకే ఈ పేరు. దారి పక్కన కూర్చున్న మనిషి దగ్గర సామాను లేకపోవడం అరుదు. ఉంటుంది. ఆ బండికి పట్టదు. లోతు రిమ్ముకి పొట్టి వాల్వు ట్యూబు. 11 స్పీడు చెయిన్‌కి, తెగితే కలపడానికి 10 స్పీడు లింకు. పదహారు పనులు చేసే మల్టీటూలు చేతిలో ఉంటుంది, వెనక చక్రం ఇరుసు విప్పే అలెన్ సైజు మాత్రం అందులో ఉండదు. కాబట్టి ఒక్కో వస్తువుకీ రెండే ప్రశ్నలు వేసుకోండి: ఇది నా బండికి పడుతుందా, దీన్ని వాడటం నాకు వచ్చా?

ట్యూబుల సంగతి. నాలుగు వద్దు, రెండు చాలు, వాటి తర్వాత ప్యాచ్‌లు. మీ 50 ఎంఎం రిమ్ముకి 48 ఎంఎం పొడవు వాల్వు బయటికే రాదు. 60 వాల్వు వస్తుంది గానీ కొన్ని పంపుల మూతి పట్టుకోవడానికి ఆ కాస్తా చాలదు. 80 కొనండి. కొన్నాక అట్టపెట్టెతో అలాగే బ్యాగులో కుక్కకండి, పనిముట్ల పక్కన వట్టిగానూ పెట్టకండి. సీటు కింద బ్యాగు దారంతా అదురుతూనే ఉంటుంది. అలెన్ కీ అంచుకి రాసుకుని రాసుకుని ట్యూబు మడత దగ్గర చిల్లి పడుతుంది. కొత్త ట్యూబు, ఎప్పుడూ టైరులోకి ఎక్కనిది, గాలి కొడితే బుస్సుమంటుంది. ఆ క్షణంలో జనం మొహాలు చూడలేం. పాత సాక్సులో దూర్చి పెట్టండి. పంక్చరప్పుడు ఆ సాక్సే చేతికి తొడుక్కుంటే చెయిన్ మసి అంటదు.

ప్యాచ్ కిట్టులో జిగురు ట్యూబు ఉంటుంది కదా, ఒకసారి మూత తెరిచాక కొన్ని నెలల్లో లోపలే ఎండిపోతుంది. పైకి చూస్తే నిండుగానే ఉంటుంది. నొక్కి చూడండి. కొత్తది తెరవకుండా పెట్టుకోండి, లేదంటే జిగురు అక్కర్లేని స్టిక్కర్ ప్యాచ్‌లు తీసుకోండి. వాటికీ గరుకు కాగితంతో రుద్దడం తప్పదు, అది మానేసి ప్యాచ్ నిలవట్లేదనే వాళ్ళు బోలెడంత మంది.

టైర్ లివర్లు ప్లాస్టిక్‌వి రెండు. ఇనపవి రిమ్ము అంచుని గీరేస్తాయి, కార్బన్ అయితే మరీ. పంపు తప్పకుండా చిన్న గొట్టం ఉన్నదే. గొట్టం లేని పంపుని నేరుగా వాల్వుకి తగిలించి గట్టిగా కొడుతుంటే ఆ ఊపుకి సన్నటి ప్రెస్టా వాల్వు వంగుతుంది, ఒక్కోసారి మొదలంటా చీలుతుంది. చిన్న పంపుతో 28 టైరుని 70 పీఎస్ఐకి తేవాలంటే రెండు మూడొందల సార్లు కొట్టాలి, దానికి మనసు సిద్ధం చేసుకోండి. పంపు ఒంటికే ఓ మూరెడు ఇన్సులేషన్ టేపు చుట్టేయండి, విడిగా చోటు అక్కర్లేదు.

టైరు మొత్తం మోయడం దండగ. టైరు చీలితే లోపలి నుంచి అడ్డం పెట్టడానికి పాత టైరు పక్క గోడలోంచి అగ్గిపెట్టంత ముక్క కోసి పెట్టుకోండి. అదీ లేకపోతే కరెన్సీ నోటుని నాలుగు మడతలు పెట్టి దూర్చినా ఇల్లు చేరతారు.

ఇంకోటి, ఇది ఎవరూ లిస్టులో రాయరు: చిన్న ట్వీజర్లు. లారీ టైర్లు పేలిపోయిన చోట రోడ్డు అంచున వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగలు రాలి ఉంటాయి. మీ టైరులో దిగితే బయటికి కనిపించవు, గోటికి అందవు. ట్యూబు మార్చిన పది నిమిషాలకే మళ్ళీ గాలి పోతోందంటే చాలాసార్లు కారణం అదే. అందుకే టైరు బిగించేటప్పుడే దాని మీది పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా బిగించండి. పంక్చరయ్యాక పాత ట్యూబుకి కాస్త గాలి కొట్టి, చిల్లి వాల్వుకి ఎంత దూరంలో ఉందో చూసి, అంతే దూరంలో టైరులో వెతకండి. అటూ ఇటూ రెండు వైపులా చూడాలి, ట్యూబు తిరగబడి ఉండొచ్చు. లోపల వేలితో తడిమితే వేలు తెగుతుంది, ఆ సాక్సు తొడుక్కుని మెల్లగా తిప్పండి. దారపు పోగు ఎక్కడ తట్టుకుంటే తీగ అక్కడ.

డిస్క్ బ్రేకు కాబట్టి ఒక హెచ్చరిక. చక్రం తీశాక బ్రేకు లివరు నొక్కకండి, బండి ఎత్తేటప్పుడు చెయ్యి అలవాటుగా అక్కడికే పోతుంది. నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్ళీ లోపలికి దూరదు. నొక్కేశారే అనుకోండి, ప్లాస్టిక్ టైర్ లివరు చదును కొసని మధ్యలో పెట్టి ఓపిగ్గా విడదీయండి. చక్రం తీసే ముందే చెయిన్‌ని వెనక అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదికి దింపుకుంటే సగం తంటా ఉండదు.

మల్టీటూల్లో 4, 5, 6 అలెన్, టీ25 (నక్షత్రం కొస కీ), చెయిన్ కట్టరు ఉంటే చాలు, విడి కట్టరు, ప్లేయరు, స్పానరు తీసేయండి. 11 స్పీడు లింకులు రెండు పెట్టుకోండి, చాలా కంపెనీలు వాటిని ఒక్కసారే వాడమంటాయి. లింకు ఎక్కించాక అది పైవరస చెయిన్‌లోకి వచ్చేలా తిప్పి, వెనక బ్రేకు గట్టిగా పట్టి, పెడల్‌ని ఒక్కసారి తొక్కండి. టక్కున పడుతుంది.

డిరైలర్ హ్యాంగరు (వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) మాత్రం తప్పకుండా ఒకటి. బండి కుడివైపు పడితే ముందు వంగేది అదే, వంగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. ఫ్రేము ఫ్రేముకీ ఆకారం వేరు, దారిలో ఏ దుకాణంలోనూ మీది దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. దాని మరలు కూడా పాటే ఉండాలి.

1913 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో యూజెన్ క్రిస్టోఫ్ అనే ఆయనకి టూర్మలే కొండ దిగుతుంటే ముందు ఫోర్కు విరిగింది. అప్పటి రూలు ప్రకారం ఎవరి బండి వాళ్ళే బాగుచేసుకోవాలి. బండి భుజాన వేసుకుని కిందనున్న సెంత్ మరీ ద కాంపాన్ ఊరిదాకా నడిచి, అక్కడి కొలిమిలో తనే ఫోర్కు అతుక్కున్నాడు. కొలిమి తిత్తి ఊదడానికి ఓ కుర్రాడు చెయ్యి వేశాడని దానికీ పెనాల్టీ వేశారు. ఫోర్కు విరిగితే మనకి కొలిమి లేదు, ఫోను ఉంది. చేత్తో బాగుచేయలేని వాటి కోసం పనిముట్లు మోయకండి, ఫోనుకి చార్జింగు ఉంచుకోండి.

తాళం, తువ్వాలు, బట్టలు, ఆయిల్ సీసా ఇంట్లోనే. వాన సూచన ఉంటేనే ఆయిలు, అదీ కంటిచుక్కల సీసా సైజులో.

గాలిమూట:

వెనకబండి అన్నా, అంతా ఒప్పుకుంటా గానీ మూడొందల సార్లు పంపు కొట్టమనడం దగ్గర ఆగిపోయా. ఎండలో కూర్చుని అది చేశాక తొక్కడానికి చేతుల్లో ఏం మిగుల్తుంది? 16 గ్రాముల సీఓటూ క్యాట్రిడ్జ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు కుక్కిన చిన్న సీసా) రెండు పెట్టుకుంటే ఐదు సెకన్లలో పని అయిపోతుంది. 28 టైరుకి ఒకటి బాగా సరిపోతుంది. జేబులో ఉన్నట్టు కూడా తెలియదు. కొత్తవాళ్ళకి టైము ముఖ్యం కదా.

కొత్తచక్రం బ్రో, ఒక్కటే జాగ్రత్త. గ్యాసు వదిలేటప్పుడు క్యాట్రిడ్జ్ మంచుగడ్డలా అయిపోతుంది, వట్టి చేత్తో పట్టుకుంటే వేళ్ళు చురుక్కుమంటాయి. దాని మీద తొడిగే రబ్బరు తొడుగు పారేయొద్దు. ముందు నోటితో కాస్త గాలి ఊది ట్యూబు గుండ్రంగా అయ్యాక, టైరు అంచు కింద ఎక్కడా నలగలేదని చుట్టూ చూసుకుని అప్పుడు వదులు.

వెనకబండి:

గాలిమూట తమ్ముడూ, తెచ్చుకోవద్దని నేననను. పంపు మానేసి అదొక్కటే తెచ్చుకోవద్దంటాను. మూతి సరిగా బిగియక గ్యాసంతా పక్కకి పోయి, ఖాళీ క్యాట్రిడ్జ్‌లు చేత్తో పట్టుకుని వ్యానెక్కినవాళ్ళు నాకు బాగా తెలుసు. పంపులో గాలి అయిపోవడమంటూ ఉండదు. ఇంకా, సీఓటూ బ్యూటైల్ రబ్బరులోంచి మామూలు గాలికంటే చాలా తొందరగా కారిపోతుంది. ఆ రోజుకి పర్లేదు, మర్నాటికి టైరు మెత్తబడి ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ గ్యాసు వదిలేసి గాలి నింపుకోవాలి. ట్యూబ్‌లెస్ వాళ్ళయితే తమ సీలెంటు (చిల్లి పూడ్చే ద్రవం) సీఓటూకి గడ్డకట్టే రకమా కాదా ముందే చూసుకోవాలి.

మూడోజేబు:

మగవాళ్ళు పనిముట్ల దగ్గరే ఆగిపోతారు అని నవ్వుకుంటూ చదువుతున్నా. 200లో బండి కంటే ముందు మొరాయించేది ఒళ్ళండీ.

నీళ్ళు: 750 ఎంఎల్ బాటిళ్ళు రెండు. గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు నా లెక్క, ఎండ ముదిరితే ఇంకాస్త. ఒక దాంట్లో వట్టి నీళ్ళు, రెండో దాంట్లో ఉప్పు లవణాలు కలిపినవి. వట్టి నీళ్ళే అదేపనిగా తాగుతూ పోతే ఒంట్లో సోడియం పలచబడి తల తిరగడం, వాంతులు, అక్కణ్ణుంచి ప్రమాదం దాకా వెళ్తుంది. దాహాన్ని బట్టి తాగండి, భయాన్ని బట్టి కాదు.

తిండి: గంటకి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ల చుట్టూ ఉంటే బాగుంటుంది. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగులు గంటకి అంతకు మించి పీల్చుకోలేవు. ఫ్రక్టోజ్ కలిసి ఉంటే 90 దాకా తీసుకోగలరు, కానీ అది కడుపుకి అలవాటు చేశాకే. అరటిపండు ఒకటి 25 గ్రాములు వేసుకోండి. మొదటి గంట నుంచే కొంచెం కొంచెం తినాలి, ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే. ఎనర్జీ జెల్లులు ఒక్కటే తెచ్చుకుంటే ఆరో గంటకి తీపి మొహం చూడబుద్ధి కాదు, నమిలేదీ ఉప్పగా ఉండేదీ కొంత పెట్టుకోండి. ఆ రోజు కొత్త రకం ఏదీ వద్దు. కంట్రోల్ పాయింట్లలో తిండీ నీళ్ళూ దొరికేట్టయితే పన్నెండు గంటలకి సరిపడా మొత్తం మోయక్కర్లేదు, ఒక కంట్రోల్ నుంచి ఇంకో కంట్రోల్‌కి సరిపడా చూసుకోండి.

సన్‌స్క్రీన్, నిక్కరు ప్యాడ్ దగ్గర రాసుకునే క్రీము చిన్న డబ్బాలోకి తీసుకోండి. పొద్దున రాసుకున్నది మధ్యాహ్నానికి ఉండదు. దీని గురించి మాట్లాడటానికి అందరికీ మొహమాటం, ఒరిపిడి మొదలయ్యాక మొహమాటం ఎవరికీ ఉండదు. గుప్పిట్లో ఇమిడే గాలిజాకెట్టు ఒకటి. చలికంటే ఎక్కువగా, చెమటతో తడిసి కొండ దిగేటప్పుడు పనికొస్తుంది.

నా పేరు మూడోజేబు కదా, జేబుల గురించి ఒక మాట. జెర్సీ వెనక మధ్య జేబులో పంపు, మల్టీటూలు లాంటి గట్టివి పెట్టకండి. వెల్లకిలా పడితే అవి నేరుగా వెన్నెముక మీదికి వస్తాయి. మధ్యలో జాకెట్టు, కుడివైపు తిండి, ఎడమవైపు ఫోను. ఫోను ప్లాస్టిక్ కవరులో పెట్టాలి, వాన పడకపోయినా చెమట చాలు దాని పని పట్టడానికి. పేరు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ళ నంబరు రాసిన కాగితం, కొంత నగదు అదే కవరులో. ఫోను లాకు పడితే లోపలున్న నంబరు ఇంకొకళ్ళకి కనబడదు, కాగితం కనబడుతుంది.

కొత్తచక్రం:

చాలా థాంక్స్ అండీ అందరికీ. వీపు బ్యాగు తీసేశాను. సీటు కింద బ్యాగులో ట్యూబు ఒకటి, ప్యాచ్‌లు, లివర్లు, మల్టీటూలు, లింకులు, హ్యాంగరు, ట్వీజర్లు పట్టాయి. రెండో ట్యూబుకే చోటు చాలట్లేదు. టీపీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబులని సన్నవి వస్తున్నాయి కదా, అవి తీసుకోనా? ఇంకా లైట్లు, పవర్ బ్యాంకు విషయం ఎవరూ చెప్పలేదు. చీకటి పడేలోపే ముగించాలని నా ఆశ.

వెనకబండి:

స్పేరుగా టీపీయూ మంచిదే. బ్యూటైల్ ట్యూబు వంద గ్రాముల పైన తూగితే ఇది 35, 40 గ్రాములు, గుప్పిట్లో దాగిపోతుంది. మీది డిస్క్ బ్రేకు కాబట్టి రిమ్ము వేడి గొడవా లేదు. రెండు షరతులు. టైరులోకి ఎక్కించక ముందు దాన్ని ఆకారం వచ్చేంత వరకే ఊదండి, బయట పెద్దగా ఊదితే సాగిపోయి మళ్ళీ వెనక్కి రాదు. మీ దగ్గరున్న మామూలు జిగురు ప్యాచ్ దానికి అంటదు, దాని ప్యాచ్‌లు వేరు. బ్యూటైల్‌ది ముందు వాడండి, ఇది ఆఖరికి.

లైట్లు ఆశని బట్టి కాదు, రూలుని బట్టి. చీకట్లో ముందూ వెనకా లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్టు లేకుండా బ్రెవే తొక్కనివ్వరు. వెనక లైటు పగలు కూడా మిణుకు మోడ్‌లో పెట్టుకోండి, ఆ దారుల్లో వెనక వచ్చేవాడికి మీరు ఎంత ముందు కనిపిస్తే అంత మంచిది. అది సీటు బ్యాగు చాటున పడలేదు కదా అని వెనక్కి పది అడుగులు వెళ్ళి చూడండి. చాలామందికి పడుతుంది.

20,000 పవర్ బ్యాంకు దేనికండీ, 200కి 5,000 చాలు. కేబులు మాత్రం జీపీఎస్‌కీ, లైటుకీ, ఫోనుకీ దేనికి ఏది పడుతుందో ముందే చూసుకోండి. కొన్ని లైట్లు చార్జింగ్ ఎక్కుతున్నంత సేపూ వెలగవు, మీది ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోండి. గేర్లు ఎలక్ట్రానిక్ అయితే ముందు రోజు రాత్రి బ్యాటరీ నింపడం మర్చిపోవద్దు, గేరు లివర్లలో బిళ్ళ బ్యాటరీలు ఉండే రకమైతే ఒకటి విడిగా జేబులో వేసుకోండి.

ఇంకా రోజులున్నాయి కాబట్టి ఒక పని చేయండి. ఆ సీటు బ్యాగులో ఉన్నవి తప్ప ఇంట్లో వేరే దేన్నీ ముట్టకుండా వెనక చక్రం ట్యూబు ఒకసారి మార్చండి. పెద్ద పంపు కూడా ముట్టొద్దు.

కొత్తచక్రం:

ఇప్పుడే చేసి చూశానండీ. మల్టీటూల్లో 6 ఉంది, ఇరుసు వచ్చేసింది. టైరు ఎక్కించడమే నరకం, ఆఖరి జానెడు బొటనవేళ్ళకి లొంగలేదు. అదీ అయ్యాక చిన్న పంపుతో 70 దాకా కొట్టాను. తీరా పంపు గొట్టం మర తిప్పి విప్పుతుంటే వాల్వు లోపలి ముక్క కూడా దాంతోపాటే ఊడొచ్చేసింది! కొట్టిన గాలంతా ఒక్క క్షణంలో పోయింది. ట్యూబు పాడైనట్టా?

వెనకబండి:

ఏం పాడవలేదు. అది వాల్వు కోరు, విప్పుకోవడానికి వీలుగానే చేస్తారు. ఫ్యాక్టరీ నుంచి వేళ్ళతో తిప్పినంత వదులుగా వస్తుంది. దాన్ని బిగించే వేలెడంత ప్లాస్టిక్ కీ దొరుకుతుంది, మీ ట్యూబులన్నిటి కోర్లూ ఇప్పుడే బిగించేసి ఆ కీ కూడా ప్యాచ్ డబ్బాలో పడేయండి. గొట్టం విప్పే ముందు దానికి గాలి వదిలే బొత్తాం ఉంటే నొక్కండి, లోపలి ఒత్తిడి పోతే మర తేలిగ్గా తిరుగుతుంది.

టైరు ఆఖరి జానెడుకి లివరు వాడబోకండి, కొత్త ట్యూబుని కొరికేస్తుంది. వాల్వు దగ్గర మొదలెట్టకుండా వాల్వుకి ఎదురు వైపు మొదలెట్టి, వాల్వు దగ్గర ముగించండి. రిమ్ము మధ్యలో పల్లం ఉంటుంది, టైరు అంచుల్ని చుట్టూ ఆ పల్లంలోకి నొక్కుకుంటూ వస్తే ఆఖరున కాస్త సడలింపు దొరుకుతుంది. చివర్లో వాల్వుని ఒకసారి లోపలికి నెట్టి వదలండి, దాని మొదలు అంచు కింద ఇరుక్కుని ఉంటే బయటపడుతుంది. ఇంకోసారి చేయండి, ఈసారి ముందు చక్రం.